సింగపూర్ చైనాటౌనా, పెనాంగ్ జార్జ్‌టౌనా: ఏది మేలు?

సింగపూర్, మలేసియా కలిపి టూర్ వేసుకునే మనవాళ్లలో చాలామంది సింగపూర్ చైనాటౌన్ చూసి, ఇక పెనాంగ్ ఎందుకులే అనుకుంటారు. రెండ్రోజులే వీలున్నా సరే, నేను పెనాంగ్‌కే వెళ్లమంటాను.

సింగపూర్‌ది తీసిపారేసే చోటేమీ కాదు. మెట్రో దిగి పైకొస్తే నేరుగా పగోడా స్ట్రీట్. ఆ వీధి చివరే 1827 నాటి మారియమ్మన్ గుడి, ఆ పక్కనే తమిళ ముస్లింలు కట్టుకున్న జామే మసీదు. కాస్త నడిస్తే టెలోక్ అయ్యర్ స్ట్రీట్‌లో థియన్ హాక్ కెంగ్ గుడి. ప్రాణాలతో సముద్రం దాటి వచ్చినవాళ్లు సముద్ర దేవత మజుకు మొక్కు తీర్చుకున్న చోటు అది. 1842లో కట్టడం పూర్తయ్యేనాటికి అలలు గుడి ముందు దాకా వచ్చేవి. తర్వాత తీరాన్ని పూడ్చేశారు. ఇప్పుడా గడపలో నిలబడితే ఎదురుగా కనిపించేవి ఆఫీసు టవర్లే. పాత ఇళ్లకు రంగులైతే చక్కగా వేశారు గానీ, వాటి పైఅంతస్తుల్లో కిక్కిరిసి బతికిన కుటుంబాలు ఎప్పుడో ప్రభుత్వ ఫ్లాట్లకు వెళ్లిపోయాయి. చూడ్డానికి బాగుంటుంది, మనసుకు మాత్రం ఏదో వెలితి.

పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్‌లో సముద్రం ఇంకా ఇళ్ల కిందే ఉంది. సముద్రం ఒడ్డు వీధి వెల్డ్ క్వే దగ్గర నీళ్లలో గుంజలు పాతి, వాటి మీద చెక్క ఇళ్లు కట్టుకున్నారు. ఇలాంటి ఇళ్ల వరసను జెట్టీ అంటారు, చాలావరకు ఒక్కో జెట్టీ ఒక్కో ఇంటిపేరున్న చైనీయులది. అన్నిట్లో పెద్దది చ్యూ జెట్టీ. నడిచే పలకల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి. గుమ్మాల దగ్గర ఎర్రటి చిన్న మందిరాలు, వాటి ముందు అగరొత్తులు, తీగ మీద ఆరేసిన బట్టలు. అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు, అందుకే ఆ ఊరంటే నాకంత ఇష్టం. కాస్త లోపలికి వెళ్తే ఖూ వంశస్తుల సంఘ భవనం ఖూ కాంగ్సీ. 1901లో కాలిపోయిన భవనాన్ని 1906కల్లా మళ్లీ కట్టారు. దాని పైకప్పు మీది బొమ్మలు చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు.

2008లో మలాకాతో పాటు యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, ఇక భద్రమే అనుకోవడానికి లేదు. అద్దెల నియంత్రణ చట్టం 2000లో పోవడంతో పాత కిరాయిదారులు చాలామంది ఖాళీ చేశారు, ఆ ఇళ్లలో కేఫ్‌లు, హోటళ్లు వచ్చాయి. ఆలస్యం చేసేకొద్దీ చూడాల్సింది తగ్గిపోతుందని నా బెంగ.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే సింగపూరే నయం. పెనాంగ్‌లో దుకాణాల ముందు వరండాల్లో బైకులు, సామాన్లు అడ్డం ఉంటాయి, ఎండ, ఉక్క సరేసరి. శాకాహారులకు రెండు చోట్లా ఇబ్బంది లేదు: జార్జ్‌టౌన్‌లో లిటిల్ ఇండియా నడిచే దూరమే, సింగపూర్‌లో మెట్రోలో మూడు స్టేషన్లు. పెనాంగ్‌లో వేయించిన బియ్యపు నూడుల్స్, అంటే చార్ క్వే టియావ్‌లో చాలాచోట్ల పంది కొవ్వు వాడతారు, అడిగి తినండి.

సింగపూర్ నుంచి పెనాంగ్‌కు విమానంలో గంటన్నర. జెట్టీకి పొద్దున్నే వెళ్లండి, టూరిస్టు బస్సులు వచ్చాక సందడి ఎక్కువ. తలుపులు తీసి ఉన్నాయి కదా అని ఇళ్లలోకి కెమెరా పెట్టకండి.