ఆటో మాట్లాడమంటే ఆటోతో మాట్లాడే యాప్: నా రివ్యూ

యాప్ పేరు చెప్పను, మీలో చాలామంది ఫోన్లలో ఉండే రకమే. మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. మా అక్క కోడలిది కలకత్తా, మా అబ్బాయి పెళ్లి పనులకని ముందే వచ్చి కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉంది, తనకీ మాకూ మధ్య దుబాసీ ఇదే. రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడు. కూరగాయలు, అడ్రసులు, మందుల షాపు, టైములు, వీటికైతే బంగారం, రోడ్డు మీద హారన్ల మధ్య కూడా బానే పట్టుకుంటుంది. మనవాళ్ల మాటల దగ్గరికి వచ్చేసరికే దాని పని అయిపోతుంది.

మొదటి దెబ్బ "మాట్లాడు" దగ్గరే. మా ఆయన బయట నుంచి వచ్చి "వంటవాళ్లని మాట్లాడేశా, మేళం కూడా మాట్లాడేశా, ఇంక బస్సు ఒక్కటీ మాట్లాడాలి" అన్నారు. యాప్ లెక్కలో ఈయన వంటవాళ్లతో కబుర్లు చెప్పి, సన్నాయితో కబుర్లు చెప్పి, ఇప్పుడు బస్సుతో మాట్లాడబోతున్నారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించి "చిన్నత్తయ్యా, మావయ్యగారు ఓకేనా?" అంది, వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో. కిటుకంతా "తో"లో ఉందండీ. ఆటో అతన్తో మాట్లాడా అంటే కబుర్లు, ఆటో మాట్లాడా అంటే రేటు తెగిపోయింది, ఎక్కి కూర్చోవడమే మిగిలింది. పనిమనిషిని మాట్లాడటం, హాలు మాట్లాడటం, సంబంధం మాట్లాడటం అన్నీ ఇదే బాపతు, "తో" ఎగిరిపోయిందంటే ఎక్కడో డబ్బో ఒప్పందమో ఉన్నట్టే. ఇంక ఫైలు కదలకపోతే "లోపల ఎవరితోనైనా మాట్లాడుకో" అంటారు చూడండి, అక్కడ "తో" ఉన్నా సరే డబ్బే, దీన్ని యాప్ ఎలాగూ పట్టుకోలేదు, పట్టుకోకపోవడమే మంచిదిలెండి.

"మాట" దగ్గర ఇంకా ఘోరం. "పెళ్లంటే మాటలా!" అని మా అక్క నిట్టూరిస్తే "ఈజ్ మ్యారేజ్ వర్డ్స్" అని చదివింది. వియ్యాలవారి వైపు ఇద్దరు అన్నదమ్ములకి మాటల్లేవు అని నేను గుసగుసగా చెప్తే వాళ్లు పుట్టు మూగవాళ్లని అర్థం చేసుకుని పాపం ఆ పిల్ల వాళ్లు వచ్చినప్పుడు చేతి సైగలు మొదలుపెట్టింది, పెద్దాయన బిత్తరపోయారు. మాట పడటం, మాట రావడం, మాట జారడం, మాట తప్పడం, మాట దాటేయడం, అన్నిటికీ ఆ వర్డ్ అనే ముక్కే తగిలిస్తుంది. ఒక్క "మాటిచ్చాను" మాత్రం ప్రామిస్ అని కరెక్టుగా చెప్పింది, ఒప్పుకోవాలి. "స్కూటీ మాట వినట్లేదు" కూడా వదిలేయొచ్చు, అది వినేవాళ్లకే నవ్వు తెప్పిస్తుంది. కాకినాడ నుంచి వచ్చిన మా పెద్దమ్మ "ఇంకోమాటు చెప్పు" అనేసరికి ఆ మాటుని కూడా వర్డ్ చేసి పారేసింది, అక్కడ మాటు అంటే సారి అని ఎవరు చెప్పాలి దానికి.

ముచ్చట సంగతి వేరే చెప్పాలి ఎందుకంటే ఇందులో మనలో మనకే తేడాలు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్‌ది కరీంనగర్ వైపు, పొద్దున్నే "ఏం ముచ్చట అమ్మా" అంటాడు, అంటే ఏంటి విశేషాలు అని. "జర సేపు ముచ్చట పెడ్దాం" అంటే కూర్చుని కబుర్లు చెప్పుకుందాం అని. మా గుంటూరు వైపు ముచ్చటంటే ముద్దుగా ఉండటం, లేదా ఒక కోరిక, "కొడుకు పెళ్లి ముచ్చట తీరింది" అంటాం. యాప్‌కి ఒకటే ముచ్చట తెలుసు, క్యూట్. కాబట్టి వాచ్‌మెన్ పొద్దున్నే ఆ పిల్లని వాట్ క్యూట్ మేడమ్ అంటున్నట్టు వినిపించింది. రెండు రోజులు అతన్ని చూస్తేనే తప్పుకుపోయింది, నాకు తెలిసి సర్దిచెప్పేదాకా. యాసకి వేరే సెట్టింగేమీ లేదు ఇందులో, తెలుగు అని ఒక్కటే బటను, గుంటూరైనా కరీంనగరైనా శ్రీకాకుళమైనా.

ఇంక కుర్రాళ్ల మాటలు. పెళ్లికొడుకు ఫ్రెండ్సు వచ్చి హాల్లో చేరారు, యాప్ ఆన్‌లోనే ఉంది. "సుత్తి కొట్టకురా" అంటే హామర్ వచ్చింది. సుత్తి అంటే బుర్ర తినే వాగుడు అనే వాడుకని ఊరూరా పాకించింది 1982లో వచ్చిన నాలుగు స్తంభాలాట సినిమా, అందులో వేసిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ సుత్తి ఇంటిపేరైపోయింది. అన్నేళ్ల మాట కూడా దీనికి తెలియకపోతే ఎట్లా. "వాగకు" అంటే ఏటి వాగు, "పేలకు" అంటే బాంబు, "కోతలు కోస్తున్నాడు" అంటే పొలం, "సొల్లు" అంటే చొంగ, "సోది" అంటే సోడా! ఎరుకసాని చెప్పే సోదిలోంచి వచ్చింది కాబట్టి ఫార్చ్యూన్ అని చదివినా కొంత నయం, సోడా ఏంటి. అన్నిటికన్నా హైలైట్, ఒకడు ఫోన్లో ఎవరో అమ్మాయితో మెత్తగా మాట్లాడుతుంటే మిగతావాళ్లు "వీడు పులిహోర కలుపుతున్నాడ్రోయ్" అన్నారు, ఆ పిల్ల వెంటనే వంటింట్లోకి వచ్చి నన్ను పులిహోర ఎక్కడ అని అడిగింది, ఆకలేస్తోందట.

మరి వాడాలా వద్దా అంటే, కొత్తగా వచ్చిన కోడలికో అల్లుడికో దారి ఖర్చులకి సరిపోతుంది, వేసుకోండి. డబ్బులు కట్టే వెర్షన్ మాత్రం వద్దు, యాడ్స్ పోతాయి అంతే, బుర్ర పెరగదు. చెప్పేవాళ్లకి ఒక చిట్కా, "ఆటో బుక్ చేశా", "వంటవాళ్లకి అడ్వాన్స్ ఇచ్చా" అని విడమరిచి చెప్తే తప్పుల్లేకుండా వస్తుంది. కానీ ఇంట్లో పెద్దవాళ్లు అలా మాట్లాడరు, మాట్లాడమని చెప్పినా మనకే నాలుగు చీవాట్లు.

అనుమానం వచ్చినప్పుడు నేను ఆ పిల్లకి చూపించింది గ్విన్ నిఘంటువు. జె.పి.ఎల్. గ్విన్ అని ఐర్లండ్ ఆయన, ఐసీఎస్ ఆఫీసర్‌గా ఇటువైపు పనిచేసి తర్వాత మన వాడుక తెలుగుకి డిక్షనరీ చేశారు, 1991లో వచ్చింది. షికాగో యూనివర్సిటీ వాళ్ల సైట్లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, అక్కడే బ్రౌన్ దొర నిఘంటువు కూడా ఉంది, అది మొదట 1852లో అచ్చయింది కాబట్టి పాత మాటలకి అది చూడాలి. ఫోన్లో చూడ్డానికి కాస్త విసుగే, స్క్రీను సర్దుకోదు, ఐనా ఒక మాట కింద దాని జతలన్నీ వరసగా చదివితే పని జరుగుతుంది. పులిహోర అందులో దొరకదు, దానికి హాల్లో ఉన్న కుర్రాళ్లనే అడగాలి. యాప్‌లో తప్పు అనువాదం సరిచేసి పంపే చోటు ఒకటుంది, "ఆటో మాట్లాడా"కి సరైన ఇంగ్లీషు రాసి పంపాను, నిన్న మళ్లీ చూశాను, ఇప్పుడు ఆటోతో ఫోన్లో మాట్లాడానని చెప్తోంది.