తాటిపూడి నీళ్ళా, తేలినీలాపురం పిట్టలా?

డిసెంబరులో ఒక్క ఆదివారం ఖాళీ దొరికితే ఎటు పోవాలి? మా ఇంట్లో ఏటా ఇదే తగువు. మా ఆవిడది విజయనగరం, ఓటు తాటిపూడికే. నాది టెక్కలి వైపు. ఇక చెప్పేదేముంది!

తాటిపూడిని తీసిపారేయలేం. గోస్తని మీద 1960ల్లో కట్టిన రిజర్వాయరు, చుట్టూ తూర్పు కనుమలు. విశాఖకు తాగునీళ్ళిచ్చే చోట్లలో ఇదొకటి. వానలు పడ్డాక కొండలు పచ్చబడి, గట్టు మీద నిలబడితే ఇంటికి రావాలనిపించదు. వేసవిలో మాత్రం నీరు దిగిపోయి అంచులన్నీ మట్టే. బోటు తిరుగుతోందో లేదో ముందే కనుక్కోండి. ఓసారి మేం కనుక్కోకుండా వెళ్ళి, గట్టు మీద పులిహోర తిని వచ్చేశాం.

టెక్కలి దగ్గరి తేలినీలాపురం అడవి కాదు, ఊరు. చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ ఈ రెండూ మన దేశంలోనే పుట్టి తిరిగే పిట్టలు. మేత కోసం నౌపడ తంపర (చిత్తడి నేల) దాకా పోతాయి. ఊరివాళ్ళు వీటి జోలికి ఎవర్నీ పోనివ్వరు.

తల్లి గూడబాతు గూటిమీద వాలగానే పిల్ల దాని ముక్కు కింది సంచిలో తలంతా దూర్చేస్తుంది, మెడ వరకూ! ఒక్కోసారి తల్లి గొంతులోకి దిగిపోయిందేమో అనిపిస్తుంది. కాసేపటికి చేప మింగి బయటికొస్తుంది. ఇది చూశాక మా బుడ్డోడు ఫోను అడగడం మానేశాడు, అరగంట సేపు. రెట్టల కంపు మాత్రం భరించాలి. గూళ్ళ కింద నిలబడేటప్పుడు టోపీ ఉంటే మంచిది.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికీ నత్తగుల్ల కొంగలు వస్తాయి. అయితే వాటిది వానాకాలం, కాబట్టి డిసెంబరు పోటీలో దాన్ని లెక్కవేయలేదు.

కుదురుగా కూర్చోలేని పిల్లలూ, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళూ ఉంటే తాటిపూడే నయం. మిగతావాళ్ళకు నా ఓటు తేలినీలాపురానికే. కొండలూ నీళ్ళూ ఎక్కడికీ పోవు, అరకు వెళ్ళేటప్పుడు ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర కాస్త పక్కకు తిరిగినా చూడొచ్చు. మీరు వేసవి సెలవుల దాకా ఆగితే మాత్రం గూళ్ళు ఖాళీ.