స్పీకర్ వెనుక ఆ చిన్న మీట

మా భజన బృందం చాలాకాలంగా వాడుతున్న బ్యాటరీ పవర్డ్ స్పీకర్ ధ్వని గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఉన్న కోపమంతా దాని వెనుక, ఇన్‌పుట్ సాకెట్ పక్కన, ఏ అడ్డూ లేకుండా పైకి పొడుచుకొని ఉండే మైక్–లైన్ మీట మీదనే. లోపలికి వచ్చేది మైకు నుంచి వచ్చే సన్నని సంకేతమా, వేరే పరికరం నుంచి వచ్చే బలమైన ‘లైన్’ సంకేతమా అని స్పీకర్‌కు చెప్పేది ఆ మీటే. మైకులన్నిటి ధ్వనినీ కలిపి పంపే మిక్సర్‌ను జతచేసి వాడదలచినవారు కొనేముందు చూడవలసినది మొదట అదే.

కిందటి శ్రీరామనవమి నాడు పందిట్లో మంగళహారతి అందుకోగానే గొంతులన్నీ గరగరమంటూ పగిలిపోసాగాయి. మిక్సర్ మీద పచ్చదీపాలే తప్ప, ధ్వని మితిమీరితే వెలిగే ఎర్రదీపం ఒక్కసారీ వెలగలేదు. మైకు మార్చాము, కేబుల్ మార్చాము. హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటే మిక్సర్‌లో పాట స్వచ్ఛంగానే ఉంది. స్పీకర్ వాల్యూమ్ తగ్గిస్తే మోత తగ్గిందే కాని పగులు పోలేదు. అప్పుడు వెనుకకు వెళ్లి చూస్తే, ఆటోలో సంచికి రాసుకొని కాబోలు, మీట లైన్ నుంచి మైక్ వైపు జరిగిపోయి ఉంది. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. మిక్సర్ మెయిన్ అవుట్ మాత్రం ప్లస్ 4 డీబీయూ (సంకేతం బలాన్ని చెప్పే కొలత) అనే మామూలు స్థాయిలోనే సుమారు 1.23 వోల్టులు ఇస్తుంది. దాన్ని స్పీకర్‌లో మైకు సంకేతాన్ని పెంచే భాగమైన మైక్ ప్రీఆంప్ మళ్లీ పెంచబోయేసరికి మొదటి దశలోనే ధ్వని తరంగాల కొసలు తెగిపోతాయి కనుక, ఆ తరువాత వచ్చే వాల్యూమ్‌ను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. మీటను లైన్ వైపు తోయగానే పాట కుదుటపడింది. ఇంత ధర పెట్టి కొన్న వస్తువుకు ఇప్పుడు మేము కరెంటు టేపు ముక్క అంటించి వాడుకుంటున్నాము!

బ్యాటరీ వల్ల మాత్రం ఎదురుచూడని మేలు జరిగింది. మిక్సర్‌ను, స్పీకర్‌ను వేర్వేరు ప్లగ్గుల్లో పెట్టినప్పుడు వచ్చే గుయ్‌మనే హమ్, స్పీకర్‌ను బ్యాటరీ మీదికి మార్చగానే ఆగిపోయింది. రెండింటి ఎర్తింగ్ కలిసి ఏర్పడే వలయం అక్కడ తెగిపోతుంది. అయితే కొత్తలో అందరికీ గొప్పగా చెప్పిన ఆ బ్యాటరీయే, ఢోలక్ గట్టిగా మోగే రాత్రుల్లో ఇప్పుడు భజన ముగిసేదాకా నిలవడం లేదు.

కేబుల్ విషయంలో మోనో పి-38 పిన్నుతో (లావుపాటి ఒంటి జాక్) సరిపెట్టుకోకుండా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వాడితే పొడవాటి తీగలోనూ రొద అంతగా చేరదు. స్పీకర్ ఒక్కటే కనుక మేము ఎడమ అవుట్ మాత్రమే తీసుకుంటాము, కాబట్టి ధ్వనిని ఎడమకో కుడికో పంపే ‘పాన్’ పూర్తిగా కుడికి తిరిగి ఉన్న చానెల్ వినబడదు.

చిన్న మందిరంలో పాడుకుంటూ, సామాను ఆటోలో మోసుకుపోవలసిన మాకు ఇది సరిపోతోంది. ఊరేగింపులకు, పెళ్లిళ్లకు వాడేవారికి సరిపోతుందని నేను చెప్పలేను. మీట లోపలికి ఒదిగి ఉన్న మోడల్ ఇదే ధరకు దొరికితే, ధ్వని కాస్త తక్కువైనా, ఈసారి నేను దానివైపే మొగ్గుతాను.