విశాఖలో బోన్ స్కాన్, రాయగడలో ఎముకల డ్రిప్ - మా నాన్నగారికి చేయించాం

రాయగడ, గునుపూర్ వైపు వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకి పాకిందేమో చూడాలని బోన్ స్కాన్ రాశారు, రైలెక్కి విశాఖ వెళ్ళాం.

ఇంజక్షన్ చేసిన అబ్బాయి చాలా మంచోడు. "మావయ్యగారూ, మందు ఎముకలకి పట్టడానికి మూడు గంటలు కూర్చోవాలి, నీళ్ళు బాగా తాగండి, మాటిమాటికీ బాత్రూంకెళ్ళండి" అన్నాడు. ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పాడు, టెక్నీషియం-99ఎం అనే రేడియేషన్ పదార్థాన్ని ఎండీపీ అనే మందుకి తగిలిస్తారంట, అది ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఎక్కడ ఎముక గబగబా అరిగి మళ్ళీ కడుతుంటే అక్కడ ఎక్కువ చేరి ఫిల్ముమీద నల్లగా కనిపిస్తుంది, మిగతాది మూత్రంలో పోతుంది. ప్రతి 6 గంటలకీ రేడియేషన్ సగమైపోతుంది, అయినా ఆ రోజుకి మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దన్నాడు. నాన్నగారి నడుం దగ్గర ఆ నలుపు నా కళ్ళతో చూశాను.

కానీ లీటర్లకి లీటర్లు నీళ్ళు తాగమని చెప్పి అంతమంది పెద్దవాళ్ళకి ఒక్కటే బాత్రూం పెడితే ఎలాగండి? నాన్నగారు నడుం నొప్పితో గోడ పట్టుకుని లైన్లో నిలబడ్డారు. అది నాకు చాలా బాధనిపించింది, అందుకే స్టార్ తగ్గించా.

తర్వాత రాయగడలోనే చిన్న నర్సింగ్ హోంలో ఎముకల్ని కాపాడే మందు, జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్. సిస్టర్ సగం ఒడియా సగం తెలుగు మాట్లాడతారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్ట్ చూడందే మందు సీసా ముట్టుకోలేదు, పళ్ళ డాక్టర్‌కి చూపించారా అని కూడా అడిగారు, ఎందుకంటే ఈ మందు మీద ఉండగా పన్ను పీకిస్తే దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది. 4 మిల్లీగ్రాములు 100 ఎంఎల్ సెలైన్లో కలిపి, 15 నిమిషాలకి తగ్గకుండా మెల్లగా ఎక్కించాలి, వాళ్ళు అస్సలు తొందరపడలేదు. రాత్రికి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చాయి, ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

స్కాన్ మందూ ఈ డ్రిప్ మందూ ఒకే జాతివి, రెండూ బిస్‌ఫాస్ఫోనేట్లే, అంటే ఎముకకి అతుక్కునే రకం మందులు. ఇప్పుడు ల్యాబుల్లో పీఎల్‌జీఏ లాంటి ఒంట్లో కరిగిపోయే పాలిమర్‌తో కంటికి కనపడనంత చిన్న రేణువులు చేసి, పైన అదే జాతికి చెందిన అలెండ్రోనేట్ అతికించి, లోపల క్యాన్సర్ మందో, స్కాన్‌లో వెలిగే రంగో పెట్టి నేరుగా ఎముకకి పంపాలని చూస్తున్నారు. అది కుదిరితే మందు ఒళ్ళంతా తిరిగి నీరసపెట్టడం తగ్గుతుంది, నాన్నగారిలాంటి వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి. కాకపోతే ఎక్కువగా ఎలకల మీదే చూస్తున్నారు, ఇప్పుడే మా దగ్గర ఉందని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

స్కాన్ సెంటర్‌కి 3, డ్రిప్‌కి 5. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు పట్టుకెళ్ళండి, ఎప్పుడో విరిగి అతుక్కున్న చోటు కూడా నల్లగా పడొచ్చు, చూసే డాక్టర్‌కి తేడా తెలియాలి.