నాన్న మెదడు ఆపరేషను: మత్తు విభాగానికి నా మార్కులు

చెన్నై ఆసుపత్రుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా సర్జన్‌నే పొగుడుతారు. నేను మత్తు డాక్టర్ల గురించి రాస్తున్నాను. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా అనే కణితి తీయించడానికి నాన్నను సూళ్లూరుపేట నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. ఆయనకు బీపీ ఎన్నో ఏళ్లుగా ఉంది.

ముందురోజు పరీక్షలో డాక్టరమ్మ అప్పటికప్పుడు చూసిన బీపీతో సరిపెట్టుకోలేదు. ఇంట్లో రాసుకున్న పుస్తకం అడిగారు. పై బీపీ 150కి అలవాటుపడిన మనిషిని బల్ల మీద 110కి దించితే మెదడుకు రక్తం చాలకపోవచ్చట. బీపీ మాత్రల పట్టీలు తిప్పి చూసి, ‘‘టెల్మిసార్టాన్ రేపు ఉదయం వద్దు, ఆమ్లోడిపిన్ మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోండి నాన్నగారూ’’ అన్నారు. మొదటిది వేసుకుంటే మత్తులో పడిపోయిన బీపీ ఒక పట్టాన లేవకపోవచ్చని చెప్పారు.

నేను వదలకుండా అడుగుతుంటే కాగితం మీద లెక్క వేసి చూపారు. పుర్రె మూత బిగించిన డబ్బా లాంటిది. మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే ద్రవం అందులోనే సర్దుకోవాలి. కణితి పెరిగితే లోపలి ఒత్తిడీ పెరుగుతుంది. పెద్దవాళ్లలో అది మామూలుగా 7 నుంచి 15 (బీపీ కొలిచే పాదరసం మి.మీ. లెక్కలోనే) ఉంటుంది. సగటు బీపీ (పై, కింది అంకెల మధ్య ఉండే లెక్క) 90, లోపలి ఒత్తిడి 25 అయితే మెదడుకు రక్తాన్ని తోసే బలం 65. సగటు బీపీ 75కి జారితే మిగిలేది 50. అది చాలదు! పోనీ బీపీని పెంచేద్దామా అంటే వాపు, రక్తస్రావం భయం. అందుకే మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి ప్రతి గుండె చప్పుడుకూ బీపీ చూస్తారు. లోపలి ఒత్తిడి తగ్గడానికి తల వైపు ఎత్తుగా పెడతారు, అవసరమైతే మెదడు వాపు తగ్గించే మానిటాల్ మందు ఎక్కిస్తారు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా మెదడు రక్తనాళాలు వెడల్పై ఒత్తిడి పెరుగుతుందని, అందుకే శ్వాస యంత్రం మీదా కన్నేసి ఉంచుతారని నాకు అప్పుడే తెలిసింది. కదలకుండా తలను బిగించే పిన్నులు గుచ్చే క్షణంలో బీపీ ఎగురుతుందని, దానికి ముందే మందు ఇస్తామని కూడా చెప్పారు.

మత్తు దిగగానే నాన్న పేరు చెప్పి, రెండు చేతులూ ఎత్తి చూపారట. మణికట్టు దగ్గర కాస్త కమిలింది, అంతే.

లోటు లేదనను. ఆపరేషను సాగినంతసేపూ బయట ఉన్న మాకు ఒక్క కబురూ రాలేదు. అది కఠినం. అంగీకార పత్రం తమిళం, ఇంగ్లీషుల్లోనే ఉంది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి ఇంతమంది వచ్చే చోట తెలుగులోనూ ఉండి తీరాలి.

మీరు వెళితే బీపీ పుస్తకం, మాత్రల పట్టీలన్నీ వెంట తీసుకెళ్లండి. ఏ మాత్ర ఆపాలో, ఏది వేసుకోవాలో మత్తు డాక్టరు నోటే వినండి.