వేరే రైఫిల్‌లో పేలిన ఇత్తడి కేసు: మెడ ఒక్కటే నొక్కాలా, ఒళ్ళంతా నొక్కాలా?

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. నేను కాజీపేటలో ముప్పై ఏండ్లు లేతు మీద నిలబడి రిటైరైన టర్నర్‌ని. వాడక్కడ సెకండ్ హ్యాండ్‌లో .308 విన్‌చెస్టర్ తూటా వాడే బోల్టు రైఫిల్ (చేత్తో గడియ తోసి మూసేది) కొన్నాడు. దాంతోపాటు, రేంజిలో ఎవరెవరో కాల్చి పారేసిన ఖాళీ కేసులు, అంటే తూటాల ఇత్తడి గొట్టాలు, మళ్ళీ మందు, బుల్లెట్ నింపుకుందామని ఒక సంచెడు తెచ్చుకున్నాడు. ఓ ఆదివారం పొద్దున వీడియో కాల్ చేసి, "మామా, వీటిల సగం లోపటికి పోతలేవు, పోయినా బోల్టు మూతపడ్తలేదు. మెడ డై కొనాల్నా, ఫుల్ లెంగ్త్ డై కొనాల్నా?" అని అడిగాడు. డై అంటే పేలి ఉబ్బిన కేసును నొక్కి మళ్ళీ కొలతకు తెచ్చే అచ్చు. మెడ డై మూతిని నొక్కుతుంది, ఫుల్ లెంగ్త్ డై ఒళ్ళంతా నొక్కుతుంది.

ముందే ఒక మాట. ఇది అక్కడి ముచ్చట. అక్కడ సొంత వాడకానికి ఇంట్లో తూటాలు నింపుకోవచ్చు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నేనైతే కాలేజీలో ఎన్‌సీసీ .22 తప్ప ఏదీ కాల్చలేదు. దాంట్లో నిప్పు పుట్టించే మందు కేసు అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి ఆ కేసు మళ్ళీ నింపడానికి పనికిరాదు. నాకు తెలిసిందల్లా ఇత్తడి, కొలత. ఈ పేచీలో ఉన్నవి కూడా ఆ రెండే.

కేసు ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. మందు అంటుకోగానే కేసు ఉబ్బి చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడకు అతుక్కుంటుంది, ఒత్తిడి దిగాక ఇసుమంత వెనక్కి ముడుచుకుంటుంది. అంటే పేలిన కేసు తను పేలిన చాంబర్‌కు అచ్చు. ఒకే .308 అని రాసి ఉన్నా ఏ రెండు చాంబర్లూ ఒక్క తీరుగా ఉండవు. మెషిన్‌గన్ చాంబర్ అయితే మరీ వదులు. మావాడి సంచిలో ఎందరి చాంబర్ల అచ్చులున్నాయో!

మెడ డై కేసు మూతిని మాత్రమే బిగిస్తుంది, బుల్లెట్ పట్టుకునేంత. ఒళ్ళు ముట్టదు. ఇత్తడి తక్కువ నలుగుతుంది, కేసు ఎక్కువ సార్లు పనికొస్తుంది. ఒకప్పుడు గురి పోటీలకు పోయేవాళ్ళు దీన్నే మెచ్చుకునేవాళ్ళు. కానీ అది సొంత రైఫిల్‌లో పేలి, మళ్ళీ ఆ రైఫిల్‌లోకే పోయే కేసుకు. అక్కడ కూడా నాలుగైదు సార్లయ్యాక బోల్టు బిగుసుకుంటుంది, ఒకసారి ఒళ్ళంతా నొక్కక తప్పదు. పరాయి కేసుకు మెడ డై వాడటమంటే పక్కింటాయన చొక్కాకు కాలర్ ఒక్కటి సరిచేసి తొడుక్కోవడమే. ఇందులో ఆలోచించేదేం లేదు, సంచిలోని వాటికి ఫుల్ లెంగ్తే.

అయితే అసలు పేచీ ఫుల్ లెంగ్త్ దగ్గరే మొదలవుతుంది. మావాడు డై కొన్నాడు. అందరూ చెప్పే పద్ధతిలోనే, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌కు డై తాకేదాకా దించి, ఆపైన పావు చుట్టు బిగించి అన్నీ నొక్కేశాడు. బోల్టు వెన్నలా మూతపడింది. సంబరపడ్డాడు. నాలుగోసారి నింపేటప్పుడు రెండు కేసుల అడుగున, మందమైన భాగం ఆగిపోయే చోట, చుట్టూ సన్నగా మెరిసే గీత కనిపించింది. "మామా, ఇది డై రాపిడేనా?" అన్నాడు. ఒకదాన్ని ఆక్సాబ్లేడుతో నిలువునా కోసి కెమెరాకు పెట్టమన్నాను. పెట్టాడు. గీత ఉన్నచోట లోపల గోడ గోరుతో గీరినట్టు గాడి పడి ఉంది. ఇంకోసారి కాల్చి ఉంటే కేసు అక్కడే రెండు ముక్కలయ్యేది, వేడి గ్యాసు వెనక్కి తన్నేది.

కారణం ఇదీ. డై అలా చివరిదాకా దించితే కేసు భుజాన్ని (మెడ కింద ఒళ్ళు వెడల్పయ్యే చోటును) ఎంత వెనక్కి తొయ్యగలదో అంతా తోస్తుంది. వాడి చాంబర్ కొంచెం లోతు. పొట్టిదైన కేసు ప్రతిసారీ ముందుకు జరిగి, గోడకు అతుక్కుని, అడుగు వెనక్కి సాగుతుంది. నొక్కడం, సాగడం, మళ్ళీ నొక్కడం. పెంబర్తి పనివాళ్ళు ఇత్తడి రేకును కొట్టి కొట్టి, గట్టిపడగానే నిప్పులో కాల్చి మెత్తబరుచుకుని మళ్ళీ కొడతారు. కేసు అడుగును అలా కాల్చకూడదు, మెత్తబడితే ఒత్తిడికి ఆగదు. కాల్చేది మెడ, భుజం వరకే. అందుకే అడుగున సాగిన కేసుకు వైద్యం లేదు, చెత్తబుట్టే.

కాబట్టి నా తూకంలో ఏ డై అన్నదానికంటే ఎంత దించావన్నది పెద్ద ప్రశ్న. బోల్టు రైఫిల్‌కు భుజం ఒకటి, రెండు థౌ వెనక్కి పోతే చాలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మిల్లీమీటరు. సెమీ ఆటోమేటిక్‌కు మూడు నుంచి ఐదు థౌ ఇవ్వాలి, అక్కడ బోల్టును చేత్తో నెట్టి మూసే వీలుండదు. లెక్క మా లేతు లెక్కే. డై మీద మర అంగుళానికి 14 చుట్లు. ఒక చుట్టుకు 71 థౌ, అందులో ముప్పై ఆరో వంతు తిప్పితే రెండు థౌ. డై పైకి లేపి పెట్టుకుని అంతంతే దించుతూ పోవాలి.

కొలిచేదెట్లా అంటే, 10.16 మిల్లీమీటర్ల బెజ్జం వేసిన బుష్ (చిన్న గొట్టం ముక్క) ఒకటి చేయించుకోమన్నాను. ఆ బెజ్జం భుజం మధ్యలో కూర్చుంటుంది, బుష్ పైనుంచి కేసు అడుగుదాకా వెర్నియర్‌తో పట్టాలి. పాత ప్రైమర్ (మందును అంటించే, అడుగున ఉండే చిన్న బిళ్ళ) తీసేశాకే కొలవాలి, అది ఉబ్బి ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. వాడి రైఫిల్‌లోనే పేలిన కేసు ఒకటి కొలిచి, దానికి రెండు థౌ తక్కువ వచ్చేదాకా డై దించాలి. పరాయివి మొదటిసారి ఎక్కువ నలిగినా, వాడి చాంబర్‌లో ఒకసారి పేలాక అవి వాడివే.

స్మాల్ బేస్ డై అని ఇంకోటుంది, అడుగు దగ్గర మరికాస్త బిగిస్తుంది. మెషిన్‌గన్‌లో ఉబ్బిన మిలిటరీ కేసులు ఫుల్ లెంగ్త్‌తో కూడా పోకపోతేనే అది. ముందే కొనడం డబ్బు దండగ, పైగా ఇత్తడిని అనవసరంగా నలపడం. మిలిటరీ కేసుల గోడ సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ. మామూలు కేసుకు పోసినంత మందు పోస్తే ఒత్తిడి పెరుగుతుంది, తక్కువ మందుతో మొదలుపెట్టాలి.

ఏ డైలో నొక్కినా కందెన రాయాలి, లేకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది. ఎక్కువ రాస్తే భుజం మీద సొట్ట పడుతుంది. నొక్కిన కేసు పొడవు కూడా పెరుగుతుంది. .308కు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటితే 2.005కు కోసుకోవాలి.

మావాడు ఇప్పుడు సైకిల్ పుల్ల కొన వంచి, నింపేముందు ప్రతి కేసు లోపలా అడుగు నుంచి పైకి గీరి చూస్తున్నాడు. గాడి తగిలితే పక్కన పడేస్తాడు. పోయిన వారం సంచిలోంచి ఇంకో పదకొండు పోయాయి. "కొత్తవే కొన్నా బాగుండు మామా" అన్నాడు.