కూర్పు యూనిట్టా, సర్క్యూట్ బోర్డుల తయారీయా?

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనో పైడిభీమవరం వైపో ఎలక్ట్రానిక్స్ యూనిట్ పెట్టాలనుకునేవారు మొదట తేల్చుకోవలసింది ఇది: కొని తెచ్చిన భాగాలను బోర్డుపై కూర్చడమా, ఆ బోర్డునే తయారు చేయడమా?

పెట్టుబడి: కూర్పుకు అద్దె షెడ్డు, ఒక వరుస యంత్రాలతో మొదలుపెట్టవచ్చు. బోర్డులకు రాగిపూత తొట్టెలు, డ్రిల్లింగ్ యంత్రాలు, వ్యర్థజల శుద్ధి తొలిరోజు నుంచే కావాలి.

నైపుణ్యం: టంకపు పేస్టు అద్దిన బోర్డుపై ఆవగింజకన్నా చిన్న రెసిస్టర్లను యంత్రమే పెడుతుంది కాబట్టి, పాలిటెక్నిక్ చదివినవారు ఆ పని త్వరగా అందుకుంటారు. బోర్డు సంగతి వేరు. బోర్డు పొరలను కలిపే రంధ్రం లోపలి గోడకు రాగి సమానంగా పట్టకపోతే, పైకి నిక్షేపంగా కనిపించే బోర్డు వేడి తగిలినప్పుడు లోలోపల తెగిపోతుంది. ఆ పట్టు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

నష్టభయం: కూర్పులో మిగులు సన్నం, పైగా ఒక్క కొనుగోలుదారు తప్పుకుంటే షెడ్డు ఖాళీ. బోర్డుల్లో రసాయన జలాలే పెద్ద చిక్కు. నాగావళి నీటితో సేద్యం సాగే ప్రాంతంలో దీన్ని తేలికగా తీసుకోరాదు.

తైవాన్ 1966లో కావోషియుంగ్ ఎగుమతి మండలంలో కూర్పు పనులతో మొదలై 1987లో చిప్‌ల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ స్థాపన దాకా ఎదిగింది. అయితే ఆ ఎదుగుదల దానంతటదే రాలేదు; 1973లో ప్రభుత్వం నెలకొల్పిన ఇట్రి పరిశోధన సంస్థ అందుకు దన్నుగా నిలిచింది. మన దేశంలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల తయారీకి 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ. 22,919 కోట్ల పథకాన్ని ఆమోదించింది.

సొంత డబ్బు తక్కువై, ఆర్డరు చేతిలో ఉన్నవారికి కూర్పే తగినది. ఓపికగల పెట్టుబడి, శుద్ధి ఏర్పాటు, ఒకరికి మించి కొనుగోలుదారులు ఉన్నవారు బోర్డుల వైపు వెళ్లవచ్చు.